గట్టు మీది కత్తిపీట

మా తోడల్లుడి పేరు మా వంటింట్లో రెండు పూటలా తడుస్తుంది.

బియ్యం కడిగే గిన్నె మీద ఉంది ఆ పేరు. లేతాకుపచ్చ ప్లాస్టిక్ గిన్నె. ఒక వైపు సన్నటి చిల్లులు, మిగతాదంతా నునుపు. చిల్లులకు ఎదురుగా ఎర్రటి అక్షరాల్లో "గృహప్రవేశ శుభసందర్భంగా, భాగ్యశ్రీ – సాయికిరణ్, సూర్యాపేట" అని అచ్చు. మా మరదలు భాగ్యశ్రీ వాళ్ళు సూర్యాపేటలో కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు, భోంచేసి పోతున్న ప్రతి మనిషి చేతిలోనూ ఇదొకటి పెట్టారు. ఆ రోజు కోదాడకు తిరిగొస్తూ కారులో నేను నవ్వాను. "అంత ఇల్లు కట్టి ప్లాస్టిక్ గిన్నె పంచుతారా ఎవరైనా" అన్నాను మా ఆవిడ చరితతో. ఆమె మర్నాడు పొద్దున బియ్యం అందులోనే కడిగింది.

అప్పటినుంచి ఆ గిన్నె నా వెంట పడింది. మిర్యాలగూడలో మా అత్తగారింటికి పోతే పెసలు అందులో నానుతున్నాయి. నడిగూడెంలో మా మేనత్త ఉడికిన కోడిగుడ్లు అందులో వేసి చల్లారుస్తోంది. చివరికి మా కాలేజీలో అటెండరు భీమ్లా ద్రాక్షపళ్ళు కడిగి ఆ గిన్నెలోనే తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వాళ్ళ ఆవిడకు ఎవరో ఇచ్చారట. ఎవరింటికి పోయినా సాయికిరణ్ నాకంటే ముందే వెళ్ళి వంటింట్లో కూర్చుని ఉంటున్నాడు.

కడుపుమంట అంటే ఇదే. దీనికి ఇంకో మర్యాదైన పేరు పెట్టడం నాకు చేతకాదు.

నా పేరు నాగేష్. కోదాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో డ్రాయింగ్ చెబుతాను. చెప్పేది డ్రాయింగే గానీ నా ప్రాణమంతా వస్తువుల్లో ఉంటుంది. ఎనిమిది స్విచ్చులు ఒకే వరసలో, ఒకే రంగులో పెట్టి, ఇంటికొచ్చిన చుట్టం ఫ్యాను వేయబోయి లైట్లన్నీ వెలిగించి ఆర్పుతుంటే చూసి నవ్వుకునే జాతి మనది. ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో చిల్లు ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు గాలి పట్టేసి అతుక్కుపోకుండా. ఆ చిల్లు పెట్టినవాడికి నేను దండం పెడతాను. బియ్యం సంచి కుట్టు చూడండి. సరైన కొస పట్టుకుని లాగితే సర్రున చివరిదాకా ఊడి వస్తుంది, తప్పు కొస పట్టుకుంటే కత్తెర వెతుక్కోవాలి. ఆ సరైన కొసకు కాస్త రంగు పూస్తే సొమ్మేం పోతుంది? మిర్యాలగూడ మిల్లుల వాళ్ళకు ఇద్దరు ముగ్గురికి ఈ మాట చెప్పాను. టీ తాగించి పంపించారు.

అయినా ఇదివరకు మా అత్తగారి వైపు ఇళ్ళల్లో నాకొక విలువ ఉండేది. మిక్సీ కొనాలన్నా, కొళాయి మార్చాలన్నా ముందు నాకు ఫోన్ వచ్చేది. "నాగేష్ బాబునడిగి కొనున్రి" అనేది మా అత్తగారు సుగుణ. ఆ మాట చెవిన పడితే నాకు జీతం పెరిగినంత సంబరం. కుక్కరు పిడి చెమట చేతికి ఎందుకు జారుతుందో, బకెట్ తీగకు ఆ ప్లాస్టిక్ గొట్టం ఎంత లావు ఉండాలో నేను చెబుతుంటే అందరూ నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

భాగ్యశ్రీ పెళ్ళితో అదంతా ఖతం. సాయికిరణ్‌కు సూర్యాపేట బస్టాండు దగ్గర ఇంటి సామాన్ల షాపుంది. చీపుళ్ళ నుంచి ఇడ్లీ కుక్కర్ల దాకా అన్నీ ఉంటాయి. ఏ వస్తువు ఎందుకు మంచిదో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. తెచ్చి ఇస్తాడు. "పని చేయకపోతే మార్చిస్త అత్తమ్మా" అంటాడు. అంతే. అతని శాస్త్రమంతా ఆ ఒక్క మాటలో అయిపోయింది. ఫోన్లన్నీ మెల్లగా అటు మళ్ళాయి.

ఒకసారి మిర్యాలగూడలో అందరం భోజనాల దగ్గర కూర్చున్నాం. నేను స్టీలు గ్లాసు అంచు గురించి ఏదో చెబుతున్నాను. సాయికిరణ్ ముద్ద మింగి, "అన్నా, ఏది జనం చేతిలకు పోతదో గదే మంచి డిజైన్. మిగిలిందంత కాయితం" అన్నాడు. అన్నదాంట్లో వెటకారం కూడా లేదు, అదే నాకు ఇంకా మండింది. అందరూ నవ్వారు. చరిత కూడా నవ్వింది. ఆమె నవ్వకుండా ఉంటే ఆ మాట నేను మరిచిపోయేవాడినేమో.

ఆ గిన్నెలో తప్పు పట్టాలని నేను చేయని ప్రయత్నం లేదు. చిల్లు గింజకంటే సన్నం. వంచేటప్పుడు బొటనవేలు ఆనే చోట అంచు వెడల్పు. నీళ్ళు పోతాయి, గింజ పోదు. తప్పు దొరకలేదు. కనీసం అచ్చయినా చెరిగిపోతుందేమోనని ఒకరోజు స్టీలు పీచు పట్టుకుని నేనే తోమడం మొదలుపెట్టాను. చరిత వచ్చి చూసింది.

"ఏం చేస్తున్నరు?"

"మురికి పట్టింది."

"అది మురికి కాదు, మా సాయి పేరు. పోదు లెండి, మంచి సిరా" అని గిన్నె లాక్కుంది.

అలాంటి రోజుల్లో మా అమ్మాయి జ్యోత్స్నకు ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. ఫంక్షన్ హాలు మాట్లాడాం, వంటవాళ్ళను మాట్లాడాం. రిటర్న్ గిఫ్టుల దగ్గరికి వచ్చేసరికి చరిత, "సాయికి ఒక మాట చెబుదాం. హైదరాబాద్ నుంచి హోల్‌సేల్‌ల తెప్పిస్తడు" అంది.

"వద్దు" అన్నాను. "రిటర్న్ గిఫ్టు సంగతి నాకు వదిలెయ్. ఏమిస్తున్నామో నువ్వు కూడా అడగొద్దు."

"నాక్కూడ చెప్పరా?"

"నీకు చెబితే భాగ్యకు చెబుతావు. భాగ్యకు తెలిస్తే అతనికి తెలుస్తుంది. అతనికి తెలిస్తే ఫంక్షన్ కంటే ముందే అది అతని షాపులో ఉంటుంది."

ఆమె, సరే మీ ఇష్టం అంది. స్టీలు డబ్బాలేవో అయ్యుంటాయి అనుకుందట, తర్వాత చెప్పింది.

నాకు కావలసింది ఒక్కటే. నేను ఊహించి చేయించిన ఒక వస్తువు, నా పేరుతో, ఈ ఊళ్ళన్నిటి వంటగట్ల మీద సాయికిరణ్ గిన్నె పక్కనే ఉండాలి. రోజూ చేతికి తగలాలి. ఇది నాగేష్ చేసింది అని వాళ్ళు అనుకోవాలి. అందుకు కత్తిపీటను ఎంచుకున్నాను.

కత్తిపీట మామూలు వస్తువు కాదు. చాకుతో కోస్తే ఒక చేయి చాకుకే పోతుంది. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, కాయ కదులుతుంది, రెండు చేతులూ మనవే. పీట ముందుకు జారకుండా కాలితో తొక్కిపెడతాం. ఇళ్ళల్లోకి గ్రానైటు గట్లు వచ్చాక ఆడవాళ్ళు నిలబడి వండుతున్నారు, కత్తిపీటేమో సింకు కిందికి పోయింది. గట్టు మీద పెడదామంటే దాన్ని తొక్కిపెట్టడానికి కాలు అందదు. నేను కనిపెట్టిందల్లా ఆ కాలికి బదులు ఏం పెట్టాలన్నదే. పీట కింద, మన వైపు అంచుకు ఒక చెక్క పట్టీ బిగించాను. అది గట్టు అంచుకు తగులుకుంటుంది. కాయను ముందుకు నెట్టేకొద్దీ పీట ఇంకా బిగుస్తుంది. పనయ్యాక కత్తిని మడిచి పీటలోని గాడిలో పడుకోబెట్టొచ్చు. మళ్ళీ తెరిస్తే టక్కున నిలబడుతుంది. ఇది తట్టిన రోజు నేను కాలేజీ నుంచి ఇంటిదాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

హుజూర్‌నగర్ రోడ్డు మీద జానయ్యకు చెక్క పని, ఇనప పని రెండూ చేసే షెడ్డుంది. బొమ్మ గీసి ఇచ్చాను. ఎన్ని కావాలో చెప్పేసరికి అతను తలెత్తి, "ఇన్ని ఎవరికి సార్?" అని అడిగాడు.

"మిర్యాలగూడలో ఒక షాపుకు. అమ్మకానికి" అన్నాను.

అబద్ధం. ఫంక్షన్‌లో పంచడానికని చెబితే జానయ్య నోటి నుంచి ఊరంతా పాకుతుందని నా భయం. నిజం చెప్పి ఉంటే ఆ షెడ్డులోనే నా పని తేలిపోయేది. కానీ అసూయ పట్టినవాడికి గోడలకు కూడా చెవులు కనిపిస్తాయి.

మొదట చేసినదాంట్లో కత్తి ఊగింది. తర్వాతిదాంట్లో పట్టీ మరీ పొట్టిదై, గట్టు అంచు మందంగా ఉన్న ఇళ్ళల్లో నిలవలేదు. మళ్ళీ చేయించాను. ఇంట్లో పరీక్షించే వీలు లేదు కాబట్టి, కాలేజీలో పిల్లలు వెళ్ళిపోయాక డ్రాయింగ్ బల్ల అంచుకు తగిలించి సొరకాయ కోశాను. పీట కదల్లేదు. ముక్కలు ఇంటికి పట్టుకెళ్తే చరిత, "జీతానికి బదులు సొరకాయ ముక్కలిస్తున్నరా మీ కాలేజీల" అంది.

పేరు ఎక్కడ వేయాలన్నదానికి కత్తి కంటే ఎక్కువ ఆలోచించాను. పైన వేస్తే కూరగాయల తొక్కలు కప్పేస్తాయి. పట్టీ మీద, కోసే మనిషికి ఎదురుగా ఉండేలా, చెక్కలోకి కాల్పించాను. సిరా కాదు, ఏ పీచుతో తోమినా పోదు. "నాగేష్, కోదాడ" అంతే. జ్యోత్స్న పేరు, ఫంక్షన్ తేదీ పైన అట్టపెట్టె మీది స్టిక్కర్‌కు వదిలేశాను. అక్షరాలు ఎక్కువైతే అందం పోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అందం మాట అబద్ధం. అక్కడ ఇంకే పేరూ నాకు వద్దు.

ఫంక్షన్ రోజు అంతా బాగా జరిగింది. మా బావమరిది జితేందర్ మేనమామ హోదాలో పట్టుబట్టలు పెట్టాడు. జ్యోత్స్న స్టేజీ మీద ఫోటోలకు నిలబడి నిలబడి, మధ్యమధ్యలో నా వైపు చూసి ఆకలి అని సైగ చేస్తోంది. భోజనాల గది తలుపు పక్కన బల్ల వేసి పెట్టెలన్నీ పేర్పించాను. నేనే దగ్గర నిలబడ్డాను. సాయికిరణ్ వడ్డన దగ్గర తిరుగుతున్నాడు. ఇంకాసేపట్లో ఇతని చేతిలో కూడా ఒక పెట్టె పెడతాను అనుకుంటే నాకు ఆకలి కూడా వేయలేదు.

మొదటి పెట్టె సైదమ్మకు ఇచ్చాను. ఆమె మా అత్తగారి అక్క, పెద్దవూర నుంచి వచ్చింది. ఏమిచ్చినా అక్కడికక్కడే విప్పి చూసుకునే మనిషి. అట్ట చించి పీట బయటికి తీసింది. అటూ ఇటూ తిప్పింది. నేను ఎంత బాగా చేయించానో ఏమో, కత్తి మెత్తగా లేచి ఆమె చేతిలో టక్కున నిలబడింది.

సైదమ్మ దాన్ని నేల మీద పెట్టేసింది.

"ఏందే సుగుణా గిది" అంది మా అత్తగారి వైపు తిరిగి. "ఆడపిల్ల పండుగకొస్తె చేతిల కత్తి వెడ్తున్నరు. మనకు మనకు తెగిపోవాల్నా ఏంది?"

ఆ సంగతి నాకు తెలియదా అంటే తెలుసు. మా అమ్మ సూది కూడా చేతికి చేయి ఇచ్చేది కాదు, కింద పెట్టి తీసుకోమనేది. పదునున్న వస్తువు ఊరికే ఇస్తే బంధం తెగుతుందని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఇన్నాళ్ళూ నేను దాన్ని కత్తిగా చూడనే లేదు. పట్టీగా చూశాను, గాడిగా చూశాను. అన్నిటికంటే ఎక్కువగా సాయికిరణ్ గిన్నెకు జవాబుగా చూశాను.

వరసలో వెనక ఉన్నవాళ్ళు ఆగిపోయారు. ఆమె అట్ట చించేలోపే పెట్టెలు అందుకున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మెల్లగా తెచ్చి బల్ల మీద పెట్టేశారు, నా మొహం చూడకుండా. మా అత్తగారు కుర్చీలో కూలబడి, "బాబూ, ఒక్క మాట నాకు చెప్పకపోతిరి" అంది. స్టేజీ మీద ఫోటోలు ఆగిపోయాయి. జ్యోత్స్న అక్కడినుంచే ఏమైందని తల ఎగరేసింది. ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి ఆ పిల్ల మొహం చిన్నదైపోయింది.

చరిత వచ్చి నేల మీది పీటను తీసింది. పట్టీ మీది అక్షరాలు చదివింది.

"బిడ్డ పేరేది? నా పేరేది?" అంది, నాకు మాత్రమే వినపడేలా.

నేనేం చేశానో చెబితే మీరు నమ్మరు. సైదమ్మకు పట్టీ గురించి చెప్పడం మొదలుపెట్టాను. "పెద్దమ్మా, ఇది గట్టు అంచుకు తగులుకుంటుంది, మీరు నెట్టేకొద్దీ..." అంటున్నాను. నా గొంతు నాకే పిచ్చిగా వినిపిస్తోంది.

అప్పుడు వచ్చాడు సాయికిరణ్, చేతిలో పెరుగు గరిటతో. ఏమైందో ఎవరినీ అడగలేదు. గరిట పక్కన పెట్టి, చేయి తుడుచుకుని, జేబులోంచి రూపాయి బిళ్ళ తీశాడు. స్టేజీ దగ్గరికి పోయి జ్యోత్స్నను చేయి పట్టుకుని కిందికి తీసుకొచ్చాడు. బల్ల వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. గుమ్మం దగ్గరి గంధం పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టి, రూపాయి అందులో వేసి, ఒక పెట్టె చంకన పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఊరికె తీసుకుంటెనే గద తప్పు. కొనుక్కుంటె ఏముంది" అన్నాడు. "మా షాపుల దినాం కత్తులు అమ్ముత. ఎవరితోని తెగింది నాకు? బిడ్డ అమ్ముతది, మనం కొంటం. మహాలక్ష్మి అసొంటి పిల్ల చేతికి మొదటి బేరం. ఇగ రాన్రి."

సైదమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "గట్లయితే తప్పులేదు" అంది. కొంగు ముడి విప్పి రూపాయి తీసి పళ్ళెంలో వేసింది. చరిత బల్ల మీద పెట్టిన పీటను మళ్ళీ తీసుకుంది.

ఇక జనం కదిలారు. కానీ ఈ రోజుల్లో రూపాయి ఎవరి దగ్గర ఉంది? అందరి డబ్బూ ఫోన్లోనే. ఒకాయన ఫోన్ పైకెత్తి, "స్కానర్ పెట్టు బిడ్డా" అన్నాడు. అందరూ నవ్వారు, జ్యోత్స్న అందరికంటే గట్టిగా నవ్వింది. సాయికిరణ్ తన కారులో షాపు చిల్లర సంచి ఉందని గుర్తొచ్చి తెప్పించాడు. పిడికిలితో తీసి వరసలో ఉన్న ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బిళ్ళ పెట్టాడు. "బదులు, బదులు. మా షాపుకొచ్చి ఇయ్యున్రి" అంటున్నాడు. పళ్ళెం గణగణలాడుతోంది. జ్యోత్స్న గంభీరంగా ఒక్కో పెట్టె అందిస్తూ, ఒకావిడ దగ్గర బేరం కూడా ఆడింది.

నా పీటను అందరూ అతని రూపాయితో కొనుక్కుపోయారు.

నాకు అప్పుడు కృతజ్ఞత రావాలి. రాలేదు. ఆ పెట్టెలన్నీ ఆ బల్ల మీదే చెదలు పట్టిపోయినా బాగుండేది అనిపించింది. పరువు పోతే పోయింది, నాదే పోయేది. ఇప్పుడు పరువు దక్కింది గానీ దక్కించినవాడు అతను. వెళ్ళేవాళ్ళంతా నాకు దండం పెట్టి, అతని భుజం తట్టి వెళ్ళారు. చివరికి మిగిలిన పెట్టెలు చూసి సాయికిరణ్, "అన్నా, ఇవి ఊరికె ఉంటయి గద. మా గల్లీల పంచుతనా?" అన్నాడు. నేను తలూపాను. అవి నా కళ్ళ ముందు లేకపోతే చాలు అనుకున్నాను.

ఇంటికి వచ్చాక చరిత బట్టలు మడతపెడుతూ, "సాయి లేకపోతే ఇయ్యాల బిడ్డ ఏడ్చేది" అంది.

"అతని కారులో చిల్లర ఎందుకుండాలి" అన్నాను.

ఆమె మడతపెట్టడం ఆపి నా వైపు చూసింది. "మీకు ఆయన మీద అంత కడుపుమంట ఎందుకు? ఆయనకు మీ మీద ఏమీ లేదు."

"అదే" అన్నాను. నాతో పోటీ ఉందని కూడా అతనికి తెలియదు. అంతకంటే అవమానం ఏముంటుంది? జ్యోత్స్న పక్క గదిలోంచి వచ్చి, "డాడీ, ఫంక్షన్‌ల నాకు అన్నిటికంటె దుకాణమే నచ్చింది. బాబాయ్ మస్తు చేసిండు" అని చెప్పి పోయింది.

ఎండాకాలం సెలవుల్లో చరితను, జ్యోత్స్నను తీసుకుని సూర్యాపేట పోయాను. సాయికిరణ్ షాపులో ఉన్నాడు. అక్కాచెల్లెళ్ళు లోపల చీరలు ముందేసుకుని కూర్చున్నారు. నేను ఇల్లంతా చూస్తూ వెనక వైపు పోయాను. స్విచ్చుబోర్డులు అన్నీ ఒకే వరస, మెట్ల రెయిలింగు చేతికి గుచ్చుకుంటుంది, ఇవన్నీ మనసులో రాసుకుంటున్నాను. వెనక పెరట్లో బట్టలుతికే గట్టు ఉంది. దాని దగ్గర ఒకమ్మాయి నిలబడి వంకాయలు కోస్తోంది. పై పోర్షన్లో కొత్తగా కిరాయికి దిగినవాళ్ళున్నారని, ఆమె పేరు మంజుల అని భాగ్యశ్రీ వచ్చీ రాగానే చెప్పింది.

గట్టు అంచుకు నా పీట తగిలించి ఉంది.

వంకాయను కత్తి మీదికి నెట్టి ముక్కలను నీళ్ళ గిన్నెలోకి వదులుతోంది. చేతులు ఎక్కడా తడబడటం లేదు. అసలు పీట వైపే చూడటం లేదు. వస్తువు గురించి ఇంతకంటే మంచి మాట లేదు. అలా చూస్తూ నిలబడిపోయాను. ఆమె తల తిప్పి, కొత్త మనిషిని చూసి కొంగు సర్దుకుంది.

"బాగా తెగుతుందామ్మా?" అన్నాను.

"మస్తు తెగుతది సార్. జర గూడ జారది. మా అత్తకు గూడ ఒకటి కావాల్నట."

"ఎక్కడ కొన్నారు?"

"సాయన్న ఇచ్చిండు. సాయన్న పీట అంటం మేం. గల్లీల చానమందికి ఇచ్చిండు, రూపాయి తీసుకొని."

"దాని మీద ఏదో పేరుంది కదా" అన్నాను.

ఆమె వంగి తడి వేలితో తుడిచి చదివింది. "నాగేష్, కోదాడ. కంపెనీ పేరు గావచ్చు." మళ్ళీ వంకాయ అందుకుని నవ్వింది. "దీనికి పెద్ద కతుంది సార్. కోదాడల ఎవరో సారంట, కాలేజీల చెప్తడంట. సొంత బిడ్డ ఓణీల ఫంక్షన్‌ల వచ్చినోళ్ళందరికి కత్తులు పంచబోయిండంట. ఎవ్వరికి చెప్పకుంట. పెండ్లాంకు గూడ చెప్పలేదంట. గంత సదువుకొని గట్ల ఎట్ల జేస్తరో. సాయన్న లేకపోతె ఆ పిల్ల పండుగ ఆగమయితుండె."

నేను నవ్వి లోపలికి వెళ్ళిపోవచ్చు. అప్పుడు కోదాడ సారు ఎవరో ఆమెకు తెలియదు, నేను బతికిపోతాను. కానీ పీట సాయన్నదిగానే ఉండిపోతుంది. పీట నాది అన్నానంటే ఆ తెలివితక్కువ సారు కూడా నేనే అవుతాను. ఇది ఉంచుకుని అది వదిలేయడానికి లేదు.

పరువు మీద కడుపుమంటే గెలిచింది.

"కంపెనీ కాదమ్మా. నాగేష్ అంటే నేనే. కత్తులు పంచిన సారును కూడా నేనే."

మంజుల చేతిలోని వంకాయ గిన్నెలో పడింది. "అయ్యో, ఎరుకలేక అన్న సార్, ఏమనుకోకున్రి" అంది.

"ఏమీ అనుకోను. ఇటు చూడు. ఈ పట్టీ ఎందుకు పెట్టానో తెలుసా?" అని దగ్గరికి పోయి చెప్పడం మొదలుపెట్టాను. కాలితో తొక్కిపెట్టే పని ఇది చేస్తుందని, నెట్టేకొద్దీ బిగుస్తుందని, అంచు మందం కోసం మూడోసారి చేయించానని చెప్పాను. ఆమె మర్యాదకు విందో, నిజంగానే విందో గానీ, వంగి పట్టీ కింద వేలు పెట్టి చూసింది. ఒకసారి పీటను ముందుకు నెట్టి చూసింది.

"అవు సార్. కాలు లెక్కనే పనిచేస్తున్నది. నేను గింత ఆలోచనే చెయ్యలే" అంది.

అంతకాలంగా నేను వినాలనుకున్న మాట అదే. ఇంకెవరూ లేని ఆ పెరట్లో ఒక్క మనిషి నోటినుంచి అది విన్నాను.

"మరి రూపాయి ఉపాయం గూడ మీదేనా?" అని అడిగింది మంజుల.

అవునంటే ఎవరూ కాదనరు. ఆమెకు తెలియదు, సాయికిరణ్ షాపులో ఉన్నాడు, తెలిసినా నవ్వి ఊరుకుంటాడు. నోటిదాకా వచ్చింది. నేను గట్టు అంచు పట్టుకుని పీట వైపు చూశాను.

"కాదు. అది సాయిది" అన్నాను. పళ్ళు పీకించుకున్నట్టు వచ్చింది ఆ మాట.

"అనుకున్న" అంది ఆమె తేలిగ్గా. "గా రూపాయి లేకపోతె దీన్ని ఇంట్లకు ఎవరు రానిస్తరు సార్."

రెండుసార్లు మార్చిన బొమ్మలో ఎక్కడా ఆ రూపాయికి చోటు పెట్టలేదు. గాడి గురించి ఇంకో సంగతి చెబుదామని నోరు తెరిచాను గానీ, మంజుల అప్పటికే ఇంకో వంకాయ తీసుకుని కోయడం మొదలుపెట్టింది.